పెద్ద మ్యాచ్ ముందు జట్టులో ఎవరూ పడకేయకుండా: కాలేజీ కబడ్డీ జట్లకు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఫిజికల్ డైరెక్టర్ని; అంతకు ముందు యూనివర్సిటీ జట్టుకి కార్నర్, అంటే డిఫెన్స్ వరస చివర్లో, ఆడినవాణ్ణి. ఇంటర్ కాలేజియేట్ దగ్గర పడుతోందంటే చాలు, మా పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ పక్క కాలేజీల పీడీలూ ఫోన్ చేసి మరీ ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పిందే చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, ఒంట్లో నిజంగా బాగోలేకపోతే డాక్టరు దగ్గరికే వెళ్ళండి. రాసింది కబడ్డీ గురించి; ఖోఖో, వాలీబాల్ వాళ్ళు తమకు పనికొచ్చింది తీసుకోండి.

అసలు కబడ్డీ జట్టుకే ఎందుకింత గోల? క్రికెట్ వాళ్ళకి లేని బాధ మనకేంటి?

ఒక్కసారి మన ఆట చూడండి. చేతులు పట్టుకుని చైన్ కడతాం. రైడర్ వచ్చి ముఖంలో ముఖం పెట్టి కూత పెడతాడు, ఆ కూతతో పాటు తుంపర్లూ వస్తాయి. పట్టు దొరికిందంటే నలుగురు మీద పడతారు. 13 మీటర్లకి 10 మీటర్ల మ్యాట్ మీద 40 నిమిషాల పాటు ఒకడి చెమట ఇంకొకడికి పూసుకోవడమే కదా. పైగా జట్టు మొత్తం 12 మంది. అందులో ఇద్దరు రైడర్లు పడకేస్తే పోయేది రెండు పేర్లు కాదు, సగం స్కోరు.

ఎన్నాళ్ళ ముందు నుంచి జాగ్రత్త పడాలి?

మ్యాచ్ ముందు రోజు పట్టుకునే భయం అందరికీ ఉంటుంది, అప్పటికే ఆలస్యం అయిపోతుంది. ఫ్లూ అంటుకున్నాక బయటపడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, డెంగీకి నాలుగు నుంచి పది. టైఫాయిడ్ అయితే వారం, రెండు వారాలు, ఒక్కోసారి నెల దాకా. ఆటలమ్మకి పది నుంచి ఇరవై ఒక్క రోజులు, అందులో పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకి అంటిస్తుంది. మ్యాచ్ రోజు వచ్చే జ్వరం చాలాసార్లు పోయిన వారం ఎక్కడో ఎక్కించుకున్నదే అన్నమాట. నేనైతే చివరి పది రోజులు గట్టిగా ఉంటాను. పెళ్ళిళ్ళు, జాతరలు, బంధువుల ఇళ్ళకి వెళ్ళిరావడాలు అన్నీ ఆ పది రోజులు బంద్. తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

ఒకడికి జలుబు చేసింది. ప్రాక్టీస్‌కి రానివ్వాలా వద్దా?

స్పోర్ట్స్ డాక్టర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: మెడకి పైన, మెడకి కింద. ముక్కు కారడం, తుమ్ములు, కొంచెం గొంతు గరగర, ఇంతే అయితే పది నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తించి చూడండి, ఒళ్ళు తేలిగ్గా ఉంటే తేలికపాటి ప్రాక్టీస్ చేసుకోవచ్చు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఛాతీలో పట్టేసినట్టుండటం, గట్టి దగ్గు, వాంతులు, విరేచనాలు, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంటికి పంపెయ్యండి.

ఇది మెత్తదనం కాదండీ. వైరస్ ఒంట్లో ఉండగా బలవంతంగా పరిగెత్తితే అరుదుగానే అయినా గుండె కండరం వాచే ప్రమాదం ఉంది, కుర్రవాళ్ళు మైదానంలో కుప్పకూలే కారణాల్లో అదొకటి. జ్వరం తగ్గాక ఎప్పుడు రావాలంటే, మాత్ర వేసుకోకుండా పూర్తిగా ఒక రోజైనా జ్వరం లేకుండా ఉండాలి. నేను రెండు రోజులు ఆపుతాను, మూడో రోజు రైడ్లు లేకుండా సగం ప్రాక్టీస్ ఇస్తాను.

అయితే మెడకి పైన లెక్క వాడి ఒంటికి సరిపోతుంది గానీ జట్టుకి సరిపోదు. జలుబున్నవాడు పరిగెత్తచ్చు, చైన్‌లోకి మాత్రం రాకూడదు. పక్కన ఒంటరిగా రన్నింగ్, స్కిప్పింగ్ చేసుకోమనండి.

పిల్లలు జ్వరం వచ్చిందని చెప్పరు సార్. ఎలా తెలుసుకోవాలి?

అసలు ప్రశ్న ఇదే. మిగతావన్నీ దీని తరవాతే.

కొన్నేళ్ళ కింద మా దగ్గర లెఫ్ట్ కార్నర్ ఆడే కుర్రాడు ఒకడుండేవాడు, బంగారం లాంటి యాంకిల్ హోల్డ్, అంటే రైడర్ చీలమండ దగ్గర పట్టే పట్టు. సెమీఫైనల్‌కి నాలుగు రోజుల ముందు పొద్దున్నే అందరికీ థర్మామీటర్ పెడుతుంటే వీడికి నార్మల్ చూపించింది. కళ్ళు చూస్తే ఎర్రగా ఉన్నాయి, చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. మళ్ళీ పెడదాం రమ్మంటే బాటిల్ తీసి గుక్కెడు చల్లటి నీళ్ళు తాగి వచ్చాడు. అప్పుడు వెలిగింది నాకు. మొదటిసారి కూడా అదే చేశాడు! కూర్చోబెట్టి పావుగంట ఆగి పెడితే 101.6. మోకాలి క్యాప్ లోపల మడిచి పెట్టుకున్న డోలో స్ట్రిప్ దొరికింది, అందులో రెండే మిగిలాయి. అప్పటికి రెండు రోజులుగా జ్వరంతోనే ప్రాక్టీస్ చేస్తున్నాడు. వాడి రూమ్‌లో ఇద్దరు, చైన్‌లో వాడి పక్కన ఇన్ అనే స్థానంలో నిలబడే కుర్రాడు, వాడితో కలిపి మొత్తం నలుగురు ఆ వారంలోనే పడకేశారు. సెమీఫైనల్లో మేం ఎలా ఆడామో చెప్పను.

వాణ్ణి తిట్టాను. తరవాత ఆలోచిస్తే తప్పు నాదేననిపించింది. ఆ ముందు ఏడాది ఇంకో కుర్రాడు జ్వరమని చెబితే, వాడి స్థానం వేరేవాడికిచ్చి, తగ్గాక కూడా తిరిగి ఇవ్వలేదు నేను. అది అందరూ చూశారు. ఇంక ఎవడు చెబుతాడు?

ఇప్పుడు సీజన్ మొదట్లోనే, అందరి ముందూ, ఒక మాట చెబుతాను: జ్వరమని ముందుగా చెప్పినవాడి స్థానం వాడికే ఉంటుంది, కోలుకున్నాక మొదటి మ్యాచ్ వాడే ఆడతాడు, దాచినట్టు తెలిస్తే ఆ టోర్నమెంట్‌కి బెంచీ. రెండో ఏడాది ఒకడు నిజంగానే వచ్చి చెప్పాడు, మాట నిలబెట్టుకోవడానికి ఒక లీగ్ మ్యాచ్ పోగొట్టుకోవాల్సి వచ్చింది. ఆ తరవాత నుంచి అర్ధరాత్రి కూడా మెసేజ్ పెడుతున్నారు, "సార్ కొంచెం గొంతు నొప్పిగా ఉంది" అని.

థర్మామీటర్ నోట్లో కాకుండా చంకలో పెట్టండి. పడుకుని లేవగానే నాడి ఎవరిది వాళ్ళనే లెక్కపెట్టుకోమనండి. రోజూ 60 కొట్టుకునేది ఒక పొద్దున 72 అయిందంటే ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టు, లేదా రాత్రంతా ఫోన్ చూసినట్టు.

నీళ్ళ సీసా పంచుకుంటే ఏమవుతుంది? మేమంతా అన్నదమ్ముల్లా ఉంటాం.

అన్నదమ్ములకీ ఎంగిలి ఎంగిలే. మన అమ్మమ్మలు చెంబు పెదవికి తాకించకుండా ఎత్తి పోసుకుని తాగించేవాళ్ళు, చాదస్తం అనుకున్నాం. ఫ్లూ, గొంతు నొప్పి, గవదబిళ్ళలు, ఆటగాళ్ళని నెలల తరబడి కూర్చోబెట్టే గ్రంథుల జ్వరం, అన్నీ ఉమ్ముతోనే ఒకరి నుంచి ఒకరికి వెళ్ళేవి. ఎవడి సీసా వాడికి, మూత మీద మార్కర్‌తో పేరు. మర్చిపోయి వచ్చినవాడు ఎత్తి తాగాలి, పెదవి తాకితే సీసా కడిగేది వాడే.

శానిటైజర్ కొట్టుకుంటే సరిపోతుంది కదా?

ఫ్లూకి ఫరవాలేదు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజర్ పెద్దగా పనిచెయ్యదు, దానికి సబ్బూ నీళ్ళే కావాలి, అదీ ఇరవై సెకన్లు రుద్దాలి. పైగా మ్యాట్ మీది దుమ్మూ చెమటా పట్టిన చేతి మీద శానిటైజర్ పూస్తే బురద తప్ప ఏం రాదు.

ఈ వైరస్ ఎంత పని చేస్తుందో చెప్పడానికి 1998లో అమెరికాలో జరిగింది ఒకటుంది. నార్త్ కరోలినాకి చెందిన ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు, అంటే వాళ్ళ తరహా ఫుట్‌బాల్, మ్యాచ్ ముందు రోజు బాక్సుల్లో ఇచ్చిన భోజనం తిని పడకేసింది. అయినా ఫ్లోరిడా వెళ్ళి, ఒంట్లో బాగోలేకుండానే మ్యాచ్ ఆడేశారు. వాళ్ళ బాక్సు భోజనం ముట్టని ఎదుటి జట్టులో కూడా 11 మంది ఆటగాళ్ళు తరవాత జబ్బుపడ్డారు. పట్టుకోవడాల్లో, పడిపోవడాల్లో చేతుల మీదుగా వెళ్ళిపోయింది. ఆ ఆట కంటే మన ఆటలో చేతులు ఎక్కువ తగులుతాయా తక్కువా, మీరే చెప్పండి.

మ్యాచ్ ముందు ఏం తినకూడదు?

జాబితా ఇవ్వమంటారు అందరూ. నేను వస్తువు కంటే గంటలు చూడమంటాను. వేడివేడిగా దింపిన మిర్చి బజ్జీ కంటే పొద్దున వండి మధ్యాహ్నం దాకా గది వేడిలో పెట్టిన తెల్లన్నం ప్రమాదం. అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు (స్పోర్లు) ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్నే పోపన్నం చేసిపెట్టే మెస్సులు ఉన్నాయే, అక్కడ జాగ్రత్త. వండిన రెండు గంటల్లో తినెయ్యాలి, ఎండాకాలం అయితే గంటలో.

కొబ్బరి చట్నీ అందరికంటే ముందు పాడవుతుంది. చివరి మూడు రోజులు కట్. పానీపూరీ, చెరుకు రసం, ఐసు ముక్కలు వేసిన ఏదైనా, బండి మీద కోసి పెట్టిన పుచ్చకాయ, ఇవన్నీ ఫైనల్ అయ్యాక నా డబ్బులతో తినిపిస్తాను, అప్పటిదాకా వద్దు. గుడ్డు పూర్తిగా ఉడకాలి. అరటిపండు మీద మాత్రం నాకు అంతులేని నమ్మకం, దాని తొక్క దానికే ఉంది కాబట్టి.

వండి వడ్డించే మనిషిని కూడా ఒకసారి చూడండి. చేతికి కోసుకుని గుడ్డ చుట్టుకుని వడ్డిస్తుంటే ఆ గిన్నెలో తినకండి. ఆ పుండులోని క్రిమి విషం కడుపులో పడితే గంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి, ఆ లెక్కన మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మ్యాచ్.

రైల్లో వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

పులిహోర. చింతపండు పులుపుకి క్రిములు తొందరగా పెరగవు, మనవాళ్ళు తిరునాళ్ళకి అదే కట్టుకెళ్ళింది ఊరికే కాదు. అయినా పొద్దున కలిపింది మధ్యాహ్నానికి తినెయ్యండి, రాత్రికి దాచకండి. పొడి చపాతీ, వేరుసెనగ ఉండలు, పండ్లు. నీళ్ళు సీలు ఉన్న సీసాలే కొనండి. టోర్నమెంట్ జరిగేచోట బబుల్ క్యాన్లు పెడతారు, వాటి నీళ్ళు ఎక్కడివో ఎవరికీ తెలియదు. క్లోరిన్ మాత్రలు మందుల షాపులో దొరుకుతాయి, స్ట్రిప్ మీద రాసినట్టు వేసి అరగంట ఆగి తాగండి. వాసన వస్తుందని గోల చేస్తారు. చెయ్యనివ్వండి.

తామర వచ్చింది. ఆడొచ్చా? ఏ ట్యూబ్ రాయాలి?

కబడ్డీ, కుస్తీ పిల్లలకి ఇది ఇంటి చుట్టం లాంటిది, వెళ్ళమన్నా వెళ్ళదు. తొడల మధ్య, నడుం దగ్గర, చంకలో గుండ్రంగా అంచు లేచి దురద. తడిసిన జెర్సీ, తడిసిన షార్ట్స్, ఒకరి టవల్ ఒకరు, రాత్రి బ్యాగులో కుక్కి పొద్దున అదే వేసుకోవడం, దానికి ఇంతకంటే ఏం కావాలి?

షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబ్ ఇస్తారు, అందులో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. మూడు రోజుల్లో దురద మాయం, మా పిల్లలు పండగ చేసుకుంటారు. నెలలో అది ఒళ్ళంతా పాకి, అసలు మందుకి కూడా లొంగకుండా తయారవుతుంది. దేశమంతటా చర్మ డాక్టర్లు మొత్తుకుంటున్నది ఈ ట్యూబుల గురించే. చర్మ డాక్టర్ని కలవండి, ఆయన ఎన్ని వారాలు రాయమంటే అన్ని వారాలూ రాయండి, దురద తగ్గిందని మధ్యలో ఆపకండి.

ఆడొచ్చా అంటే, అమెరికా కాలేజీ కుస్తీలో కనీసం 72 గంటలు మందు పూసి, మచ్చని కప్పితేనే మ్యాట్ ఎక్కనిస్తారు. మేం కూడా అదే పాటిస్తున్నాం. సెగ్గడ్డ ఉంటే మాత్రం చీము కారినంత కాలం మ్యాట్ దరిదాపుల్లోకి రానివ్వను, దాన్ని పిండితే ఊరుకోను. ఆట అయిన వెంటనే స్నానం, ఎవరి టవల్ వాళ్ళది, బట్టలు ఉతికి ఎండలో. మ్యాట్‌ని ప్రాక్టీస్ తరవాత రోజూ తుడవాలి, చెప్పులతో ఎవరూ తొక్కకూడదు, ప్రిన్సిపాల్ గారైనా సరే.

జలుబుకి సిరప్, ఇంజెక్షన్ తీసుకోవచ్చా? డోప్ టెస్టులో దొరుకుతామా?

దొరకొచ్చు, ఇందులో నవ్వులాట లేదు. మన దగ్గర అమ్మే చాలా దగ్గు సిరప్పుల్లో టెర్బుటలిన్ ఉంటుంది. అది ఆట ఉన్నా లేకున్నా ఎప్పుడూ నిషేధమే. ముక్కు దిబ్బడ మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ పోటీ రోజుల్లో ఒక మోతాదు దాటితే తప్పు. ఊళ్ళో ఆర్‌ఎంపీ జ్వరానికి "ఒక సూది వేస్తే రేపటికి లేచి కూర్చుంటావు" అని వేసే దాంట్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది; 2022 నుంచి పోటీ సమయంలో ఏ రకం స్టెరాయిడ్ ఇంజెక్షనైనా నిషేధంలోకి వచ్చింది. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ లాంటి చోట నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళు శాంపిళ్ళు తీసుకుంటారు. "నాకు తెలియదు సార్, డాక్టరు ఇచ్చాడు" అంటే చెల్లదు, ఒంట్లో ఏముందో దానికి బాధ్యత ఆటగాడిదే. నాడాకి నో యువర్ మెడిసిన్ అని యాప్ ఉంది, మందు పేరు కొట్టి చూసుకోండి. డాక్టర్‌కి ముందే చెప్పండి, నేను ఆటగాణ్ణి అని. మామూలు పారాసిటమాల్, ఆవిరి పట్టడం, ఉప్పునీళ్ళ పుక్కిలింత, వీటికి ఏ గొడవా లేదు.

ఓఆర్‌ఎస్ ఏది కొనాలి?

ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న పొడి. పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్ళకి, గ్లాసులో సగం సగం కలపకూడదు. రంగురంగుల డబ్బాల్లో తియ్యటి నీళ్ళని ఆ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. విరేచనాలప్పుడు అంత చక్కెర తాగితే ఇంకా పెరుగుతాయి.

టీకాలు?

ఫ్లూ టీకా పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి నెల ముందే. హాస్టల్ పిల్లలకి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒక్క డోసు, హైదరాబాద్‌లోనే తయారవుతుంది. ఆటలమ్మ చిన్నప్పుడు రానివాళ్ళు డాక్టర్ని అడగండి.

అమ్మాయిల జట్టుకి వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఒకటుంది, దాని గురించి మగ పీడీలం ఎవరం మాట్లాడం. గ్రౌండ్లో బాత్రూమ్ బాగోదని మా అమ్మాయిలు పొద్దుటి నుంచి నీళ్ళే తాగరు. ఒక టోర్నమెంట్లో మా కెప్టెన్‌కి మూత్రంలో మంట, రాత్రికి చలి జ్వరం. తరవాత జట్టుతో వెళ్ళిన మేడమ్ చెబితే గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందు నేను చూసేది మ్యాట్ కాదు, బాత్రూమ్. బకెట్, మగ్గు, గడియ ఉన్నాయా లేదా. లేకపోతే నిర్వాహకులతో అక్కడే గొడవ పెట్టుకుంటాను.

రక్తహీనత కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి ఉంది. సీజన్ మొదట్లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, మ్యాచ్ వారం ముందు ఐరన్ మాత్ర మొదలుపెడితే లాభం లేదు.

నిద్ర అంత ముఖ్యమా?

ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి మరీ చూశారండీ అమెరికాలో, 2015లో వచ్చిన అధ్యయనం అది. ఆరు గంటల లోపు పడుకునేవాళ్ళకి, ఏడు గంటలకి పైగా పడుకునేవాళ్ళ కంటే జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకి పైగా ఎక్కువ. పది గంటలకి ఫోన్లన్నీ నా గదిలో బకెట్లో ఉంటాయి.

చల్లటి నీళ్ళు తాగితే జలుబు చేస్తుందా? విటమిన్ సి, కషాయం?

జలుబు చేసేది వైరస్, చల్లదనం కాదు. విటమిన్ సి మామూలు వాళ్ళకి జలుబు రాకుండా ఆపదు, మారథాన్ పరిగెత్తేవాళ్ళలాంటి విపరీతమైన శ్రమ చేసేవాళ్ళలో మాత్రం కొంత పనిచేసినట్టు తేలింది. రోజుకో జామకాయ తినండి, డబ్బా మాత్రలు అక్కర్లేదు. కషాయం అమ్మ ఇస్తే తాగండి.

దిష్టి తీయించుకోవచ్చా?

తీయించుకోండి. ఆ నిమ్మకాయ మ్యాట్ మీద తొక్కకండి, జారుతుంది.

మ్యాచ్ రోజు పొద్దున్నే ఇద్దరికి వాంతులు, విరేచనాలు. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు వాళ్ళిద్దర్నీ వేరే గదిలోకి మార్చండి, వేరే బాత్రూమ్ దొరికితే అదృష్టం. వాంతి అయినచోట పాత గుడ్డలతో తీసేసి, మందుల షాపులో దొరికే 5 శాతం హైపోక్లోరైట్ లీటరు నీళ్ళకి కనీసం 20 మిల్లీలీటర్లు కలిపి పోసి పది నిమిషాలు ఉంచండి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపకండి, వచ్చే వాయువుకి ఊపిరాడదు. తలుపు గడియలు, కుళాయి తిప్పేవి, ఫోన్లు తుడవండి. మిగతా పదిమంది సబ్బుతో చేతులు కడుక్కుని వేరేచోట టిఫిన్ తినాలి. ఆ ఇద్దరూ ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా. రక్తం పడుతున్నా, లేస్తే కళ్ళు తిరుగుతున్నా, మూత్రం రాకపోయినా ఆసుపత్రి.

ఆడించాలా అంటే, వద్దు. లక్షణాలు తగ్గాక కూడా 48 గంటలు అందరితో కలవకూడదు. మిగిలినవాళ్ళతో ఆడండి, ఓడిపోయినా ఓడిపోండి. ఎదుటి జట్టు పీడీకి ఫోన్ చేసి చెప్పండి కూడా. నేను చెప్పాను ఒకసారి. ఆయన నవ్వి, "మా వాళ్ళకీ నిన్న రాత్రి నుంచే, మీకెలా చెప్పాలా అని చూస్తున్నా" అన్నాడు.

కిట్ బ్యాగులో ఏముండాలి?

డిజిటల్ థర్మామీటర్ రెండు, ఒకటి ఎప్పుడూ పోతుంది. పారాసిటమాల్. ఓఆర్‌ఎస్ ఇరవై ప్యాకెట్లు. క్లోరిన్ మాత్రలు. కాగితం సోపులు కాదు, నిజమైన సబ్బులు నాలుగు, డబ్బాతో సహా. గాయాలకి బ్యాండేజ్, టేపు. దోమల క్రీము, డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పొద్దున కూడా రాయాలి. హైపోక్లోరైట్ సీసా, చేతి తొడుగులు, చెత్త కవర్లు. ఇంకా గోళ్ళు తీసుకునే కట్టర్, మ్యాచ్ ముందు రిఫరీ ఎలాగూ గోళ్ళు చూస్తాడు. కట్టర్ ఒక్కటే కొనకండి, నాలుగైనా కొనండి.